పది లీటర్ల డబ్బా

ఇరవై రెండేళ్ళుగా నాకొక అనుమానం ఉంది. పెద్దదేమీ కాదు. పొద్దున్నే ప్రార్థనకు కూర్చుని కళ్ళు మూసుకోగానే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. లేచి పనిలో పడగానే తన దారిన తాను పోతుంది. తన బస్సులోని పది లీటర్ల డీజిలు నా బస్సులో పోసిన మనిషి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఎందుకు ఊరుకున్నాడు? అసలు ఎందుకు పోశాడు? మంచితనం అని సరిపెట్టుకుందామని చాలాసార్లు చూశాను. ఎక్కడో కొంచెం మిగిలిపోయేది.

వారం వారం చదువుతున్నవారికి ఆ మనిషి తెలుసు. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను.

సముద్రం అవతలి నుంచి చమురు ఓడలు రావడం ఆగిపోయిన ఏడాది, ఏ బస్సు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో తేల్చడానికి మా డిపోలో మూడు రోజుల కొలత పెట్టారు. ట్యాంకులు ఖాళీ చేయించి, ఒక్కో బస్సుకు నూట ఇరవై లీటర్లు కొలిచి పోశారు. ఆరు వందల కిలోమీటర్లు తిరిగి వచ్చాక మిగిలింది బయటికి తీసి కొలుస్తారు. మూడో రోజు, డిపో ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉందనగా నా ట్యాంకు ఎండిపోయింది. వెనక వచ్చిన బస్సు డ్రైవరు దిగి, తన ట్యాంకులోంచి గొట్టంతో పది లీటర్లు డబ్బాలోకి లాగి నాకు పోశాడు. మేమంతా అతన్ని 'నిదానం' అని పిలిచేవాళ్ళం. డిపో చేరేసరికి నా ట్యాంకులో ఆరు లీటర్లు మిగిలాయి. అతని ట్యాంకులో చుక్క లేదు. కొలిచినవాళ్ళ లెక్కలో లీటరుకు అతనికి ఐదు, నాకు ఐదుంపావు వచ్చింది.

నేను నోరు మెదపలేదు. అతనూ మెదపలేదు.

ఆ వారంలోనే ఐదుంపావు డిపోలో అందరికీ నియమమైంది. నెల తిరక్కుండా నన్ను శిక్షకుణ్ణి చేశారు. కొత్త డ్రైవర్లకు పాఠాలు చెప్పడం నా పని. నా పేరు కూడా ఐదుంపావు అయిపోయింది. ఆ తర్వాత నేను ఒక్కనాడూ బస్సు నడిపి ఐదుంపావు తెచ్చింది లేదు. తేవలసిన అవసరం నాకు రాలేదు. నిదానానికి వచ్చింది. అతను ఐదు దాటలేక, మెమో మీద మెమో తీసుకుని, రెండో ఏట ఉద్యోగం మానేసి కనుమ కింద పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఓడలు మళ్ళీ ఆలస్యమవుతున్నాయి. ఐదుంపావును ఆరు చేయాలా అని ఒక కమిటీ వేశారు. రేపు పది గంటలకు విచారణ. మొదటి సాక్షిని నేనే. పోయిన వారం సంచికలో, మా ఆవిడ అటక మీద నుంచి, ఆనాటి నుంచి నా దగ్గరే ఉండిపోయిన నిదానం డబ్బా దించి, దుమ్ము తుడిచి, నా ముందు పెట్టి, "తీసుకున్నది తీసుకున్నట్టే ఉంచుకుని రేపు వాళ్ళ ముందు నోరెలా తెరుస్తారండీ?" అని అడిగిన దగ్గర ఆగాం.

* * *

డబ్బాతో బస్సెక్కాను. ఖాళీదే. డీజిలు నింపిన డబ్బా బస్సులోకి తేకూడదని ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాత్రం జ్ఞాపకం ఉంది. అయినా కండక్టరు డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"ఏమనుకోకండి ఐదుంపావుగారూ. మీరు చెప్పిన పాఠమే."

"అనుకోను నాయనా. బాగా నేర్చుకున్నావు."

కనుమ కింద కూడలిలో దిగి, అక్కడి బంకులో వరుసలో నిలబడ్డాను. గంటన్నర పట్టింది. మనిషికి పది లీటర్లే అని అట్టముక్క మీద రాసి కట్టారు. ఆ అంకె చూస్తే నాకు కొంచెం నవ్వొచ్చింది. కొంచెం భయం కూడా వేసింది. దేవుడు మన సంగతులు ఇంత వివరంగా చూస్తూ ఉంటాడా, లేక పది అనే అంకె ఊరికే అందరికీ అలవాటా? నాకు తెలియదు.

నా వంతు వచ్చాక బంకు మనిషి చుట్టూ చూశాడు.

"బండేది పెద్దాయనా?"

"బండి లేదు. బాకీ ఉంది."

"ఎవరికి?"

"ఆ పంక్చర్ల కొట్టాయనకి."

"ఆయనకా! రెండు రోజుల్నించి గాలి మిషన్ ఆగిపోయి కూర్చున్నాడు. ఇక్కడికి రమ్మంటే రాడు. వరుసలో నిలబడేంత తొందరేం లేదంటాడు. నింపమంటారా పూర్తిగా?"

"పూర్తిగా."

కూడలి నుంచి కొట్టు అర కిలోమీటరు. డబ్బా మూత పాతది, సరిగ్గా బిగియదు. చెయ్యి మార్చుకున్నప్పుడల్లా కొంచెం తొణికి నా పంచె అంచు మీద పడింది. నాలుగుసార్లు ఆగాను. రోడ్డు ఎడమ పక్కన మైలురాయి కనిపించింది. దాని మీద మా డిపో ఊరి పేరు, కింద ఇరవై అనే అంకె. అక్కడే ఆ రోజు నా బస్సు ఆగింది. అతను కొట్టు పెట్టుకున్నది ఆ రాయికి వంద అడుగుల దూరంలో. ఈ సంగతి నాకు ముందు తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి ఈ పక్కకు వచ్చి ఉంటే తెలిసేది.

కొట్టు అంటే రేకు పైకప్పు, రెండు గుంజలు, వెనక ఒక గది. ముందు పాత టైర్లు ఒకదాని మీద ఒకటి. నిదానం ముక్కాలి పీట మీద కూర్చుని, గాలి నింపిన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చేతులు మాత్రం మారలేదు. స్టీరింగు తిప్పినంత నెమ్మదిగా ట్యూబు తిప్పుతున్నాడు. పక్కన గోనెసంచి కప్పిన గాలి ఇంజను, దానికి ఆనించి చేత్తో కొట్టే పంపు ఉన్నాయి.

తల ఎత్తకుండానే, "డబ్బా అక్కడ నీడలో పెట్టు. ఎండలో ఉబ్బుతుంది," అన్నాడు.

"గుర్తుపట్టావా అన్నా?"

"నిన్నా? డబ్బానా?" అన్నాడు. "డబ్బాని పట్టాను. పిడికి నేను చుట్టిన తీగ ఇంకా ఉంది. నిన్ను పట్టడం కష్టం. బాగా ఒళ్ళు చేశావు."

"కూర్చుని పాఠాలు చెప్పే ఉద్యోగం కదా."

"కూర్చో మరి. ఇక్కడా అదే పని."

ఒక టైరు మీద కూర్చున్నాను. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ వచ్చాను. ఏదీ జ్ఞాపకం రాలేదు. జేబులోంచి కమిటీ ఉత్తరం తీసి చూపించాను. చెయ్యి తుడుచుకుని, చదివి, మడత పాడవకుండా తిరిగి ఇచ్చాడు.

"ఆరా!"

"ఆరు. ఆ కమిటీ అధికారిణి మా ఇంటికి వచ్చింది. మంచి మనిషి. మనం మండించే ప్రతి నాలుగు లీటర్లలో మూడు సముద్రం అవతలివేనట. వాళ్ళు కుళాయి కట్టేస్తే ఆసుపత్రుల్లో జనరేటర్లు కూడా ఆగిపోతాయని లెక్కలు తెచ్చి చూపించింది. ఒకడి దయ మీద ఆధారపడ్డ దేశం తన మాట తాను చెప్పే స్థితిలో ఉండదంది. బస్సులన్నీ ఆరు తెస్తే ఏడాదికి ఒక ఓడ తగ్గుతుందట."

"తప్పేముంది అందులో?"

"ఏమీ లేదు. ఆ ఏడాది మనం చూశాంగా. ఎక్కడి బస్సులక్కడ నిలబడిపోయాయి. అందుకే ఆవిడ మాట కాదనలేకపోయాను. కానీ చివర్లో ఒక మాటంది. పాత ఇంజన్లతో, కరువు రోజుల్లో మీరు ఐదుంపావు తెచ్చారు, ఈ రోజు వీళ్ళు ఆరు ఎందుకు తేలేరు అంది."

నిదానం మళ్ళీ ట్యూబు అందుకున్నాడు. "నువ్వేమన్నావు?"

"మంచినీళ్ళు తాగుతారా అన్నాను."

అతను నవ్వాడు. పాత నవ్వే. భుజాలు మాత్రం కదులుతాయి, చప్పుడు రాదు.

"రేపు నిజం చెప్పేద్దామని వచ్చానన్నా. ఆ ఐదుంపావు నాది కాదని, అందులో నీ పది లీటర్లు ఉన్నాయని. ముందు నీ డీజిలు నీకిచ్చి, ఆపైన చెప్పాలి. అయితే వాళ్ళు ఒకటి అడుగుతారు. నాకే ఇన్నాళ్ళూ తెలియలేదు." ఊపిరి తీసుకున్నాను. "ఆ రోజు అందరి ట్యాంకులూ అంతంతమాత్రం. నీ దగ్గర పది లీటర్లు ఎక్కడివి?"

తొట్టిలో ట్యూబు దగ్గర సన్నని బుడగలు లేచాయి. అతను ఆ చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టుకున్నాడు. ఆ తర్వాతే జవాబు చెప్పాడు.

"ఇంజను ఆపి కనుమ దిగాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. నిదానం ఆ పని చేస్తాడని నా బుర్రకు ఎక్కలేదు. శిక్షణ పుస్తకంలో పదిహేడో నిబంధన అది. కనుమ దిగేటప్పుడు ఇంజను ఆపితే ఉద్యోగం పోతుంది, విచారణ కూడా ఉండదు. ఆ నిబంధన నేనే కొన్ని వందల మందికి వల్లె వేయించాను.

"నువ్వా?"

"నేనే. మొదటి రోజు పైకి ఎక్కాక ఆ బుద్ధి పుట్టింది. పదహారు కిలోమీటర్ల దిగుడు. బండి తనంతట తాను పోతుంది. దానికి డీజిలెందుకు తగలెయ్యాలి అనిపించింది. తాళం తిప్పేశాను."

"ఎందుకన్నా అలాంటి పని?"

"నువ్వెందుకు చెప్పులిప్పేసి ఒట్టి కాలితో యాక్సిలరేటరు తొక్కేవాడివి? కాలు తేలిగ్గా ఉండాలనేగా? పేరు రావాలనేగా? నాకూ అంతే. నువ్వు చెప్పులు తీశావు, నేను తాళం తీశాను."

దారిన పోయే సైకిలు మనిషి ఒకడు ఆగి, గాలి ఉందా అని అడిగాడు. నిదానం లేచి చేతి పంపుతో కొట్టి పంపించాడు. తిరిగి వచ్చి కూర్చున్నాక, ఎక్కడ ఆపాడో అక్కడే ఎత్తుకున్నాడు.

"మూడు రోజుల్లో ఆరుసార్లు దిగాను. ఐదుసార్లు మంచం మీంచి దిగినంత సుఖంగా దిగింది. ఆరోసారి నాలుగో మలుపు దాకా మూడు మార్లు బ్రేకు తొక్కాను. ఇంజను తిరిగితేనే గాలి తయారవుతుంది, గాలి ఉంటేనే బ్రేకు పడుతుంది. పాఠం చెప్పేవాడివి, నీకు నేను చెప్పాలా? గాలి ముల్లు చూశాను. ఎర్రగీత కిందికి పోయింది. ఐదో మలుపులో తొక్కితే కాలి కింద ఏమీ లేదు."

"నిండు బస్సా?"

"నలభై రెండు మంది. నా వెనక సీట్లో ఒకామె పిల్ల చొక్కాకి బొత్తాలు పెడుతోంది. అద్దంలో కనిపిస్తోంది. మూడు పెట్టింది, ఇంకా రెండున్నాయి." అతను చేత్తో గేరు తోసినట్టు గాలిలో తోశాడు. "మూడో గేరు ఇరికించి క్లచ్చి వదిలేశాను. ఒక్క కుదుపు. ఇంజను అందుకుంది. లోయ పక్క గోడకి జానెడు దూరంలో బండి పట్టుకుంది. ఆమె తల ముందు కమ్మీకి కొట్టుకుంది. 'కళ్ళు నెత్తిన పెట్టుకుని నడుపుతున్నావా!' అని తిట్టింది. ఆ తిట్టు నాకింకా చెవిలో ఉంది. ఆమె బతికుందిగా, తిట్టింది."

అతను ట్యూబు తొట్టిలోంచి తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"కిందికొచ్చాక లెక్క వేసుకున్నాను. డిపో చేరేసరికి పది లీటర్లు మిగులుతాయి. అంటే దగ్గర దగ్గర ఐదున్నర. ఎలా వచ్చిందని అడుగుతారు. చెప్తే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అందర్నీ ఐదున్నర తెమ్మంటారు. తేవాలంటే అందరూ నాలాగే దిగాలి. ఏం చెయ్యాలో తోచక వస్తున్నాను. ఇక్కడ, ఆ రాయి దగ్గర, నువ్వు బస్సుకి ఆనుకుని అలిగిన పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నావు."

"అన్నా..."

"నేను నీకు చేసింది సాయం కాదు తమ్ముడూ. నా తప్పుని నీ ట్యాంకులో పారబోసి చేతులు కడుక్కున్నాను. నాకు ఐదు వస్తుంది, నీకు నీ అవసరం తీరుతుంది, అక్కడితో సరి అనుకున్నాను. నీకు నాలుగు లీటర్లు చాలని నేను చూసుకోలేదు. నువ్వు ఆరు మిగుల్చుకుని, దానికి ఐదుంపావు అని పేరు పెట్టించుకుని వచ్చావు."

ఇరవై రెండేళ్ళు ప్రతి పొద్దున్నా ఈ మనిషి మంచితనానికి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ కృతజ్ఞత ఎవరికి చేరినట్టు? తప్పు చిరునామాకు రాసిన ఉత్తరంలా ఎక్కడో ఆగిపోయిందా, లేక ఆ నలభై రెండు మంది పేరున జమ అయిందా? నాకంటే చదువుకున్నవారు చెప్పాలి. నాకు తోచింది ఒక్కటే. నేను అనుమానించింది అతని మంచితనాన్ని. అనుమానించవలసింది ఆ అంకెను.

"మరి ఆ తర్వాత నీకు మెమోలిచ్చినప్పుడైనా చెప్పలేదేం?"

"ఏమని? ఐదుంపావు తేవడం నాకు చేతకాదనా? చేతనవును. ఆ పని మళ్ళీ చెయ్యనని చెప్పాలి. అప్పుడు ఏ పని అని అడుగుతారు." ట్యూబు తుడిచి గుర్తు దగ్గర ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టాడు. "ఆదా వద్దని నేననను. ఆ అధికారిణి చెప్పింది నిజమే. కానీ ఆ ఓడ తగ్గాలంటే కొత్త ఇంజన్లు కావాలి, బండి బరువు తగ్గాలి, మంచి టైర్లు వెయ్యాలి. ఈ రోడ్డు మీద తిరిగే బస్సుల టైర్లు చూస్తున్నానుగా, వేలు పెడితే లోపలి దారం తగులుతుంది. వాటికి డబ్బు కావాలి. డ్రైవరు కాలికైతే ఒక కాయితం చాలు. అందుకని కాయితం పంపిస్తారు."

"రేపు నాతో వచ్చి ఈ మాటే చెప్పన్నా."

అతను ఆకురాయి ఆపి, తల కొంచెం పక్కకు వంచి కనుమ వైపు చెవి పెట్టాడు.

"టైమెంతైంది?"

"రెండూ నలభై."

"రెండున్నర బస్సు. వస్తోంది."

నేనూ చెవి ఒగ్గాను. నాకేమీ వినిపించలేదు. "ఏదీ? చప్పుడు లేదే."

"అదే చెప్తున్నా. లేదు."

అప్పుడు చూశాను. చివరి మలుపు తిరిగి నీలం బస్సు వస్తోంది. కొండ దిగే బస్సు మూలుగు మనకు ముందే వినిపిస్తుంది. గేరులో ఉన్న ఇంజను బండిని వెనక్కి పట్టి లాగే మూలుగు అది. ఇప్పుడు టైర్లు తారు మీద దొర్లే సన్నటి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వానాకాలం నీళ్ళలా బస్సు జారుకుంటూ వచ్చింది. చదును రోడ్డు అందుకున్నాక ఒకసారి కుదుపు వచ్చింది, అప్పుడు ఇంజను మేలుకుంది.

"రోజూ ఇంతేనా?" అని అడిగాను.

"ఐదారుగురు ఇలాగే దిగుతారు. ఈ కుర్రాడు అందరికంటే బాగా దిగుతాడు. నాకంటే కూడా."

బస్సు కొట్టు ముందు ఆగింది. డ్రైవరు తలుపు తెరుచుకుంది. నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని దిగినవాడు నా అల్లుడు.

"మామయ్యా! మీరేంటి ఇక్కడ?" అన్నాడు ఆశ్చర్యంగా. మొహం నిండా నవ్వు. "ఈ తాతగారు మీకు తెలుసా?"

నేను డ్రైవరు మెట్టు మీద కాలు పెట్టి లోపలికి చూశాను. గాలి ముల్లు ఎర్రగీతకు కిందే ఉంది. ఇంజను తిరుగుతున్నందుకు మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది. సీట్లలో జనం. కిటికీ దగ్గర ఒకాయన పేపరు మడిచి విసురుకుంటూ, "ఏం పెద్దాయనా, మీరు నడుపుతారా ఏంటి ఇక?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

కిందికి దిగి అల్లుణ్ణి టైర్ల చాటుకు తీసుకెళ్ళాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

అతను నా మొహం చూశాడు, తర్వాత నిదానం మొహం చూశాడు. నవ్వు పోయింది. అబద్ధం ఆడలేదు. ఆ మాట అతని గురించి చెప్పుకోవాలి.

"రెండేళ్ళు. కనుమ రూట్ ఇచ్చిన దగ్గర్నుంచి."

"పదిహేడో నిబంధన నేను నీకు చెప్పలేదా?"

"చెప్పారు మామయ్యా. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు. ఐదుంపావు తెమ్మని కూడా మీరే చెప్పారు. ఎలా తేవాలో మాత్రం చెప్పలేదు. కాలు తేలిగ్గా పెట్టమన్నారు. పెట్టాను, నాలుగూ ముప్పావు వచ్చింది. రెండు మెమోలు ఇచ్చారు. ఇంట్లో మీ అమ్మాయికి చూపించలేదు. మీ అల్లుడై ఉండి ఐదుంపావు తేలేడని డిపోలో నవ్వుకునేవాళ్ళు. మూడో మెమోకి రూట్ తీసేస్తారు. అప్పుడు పాతవాళ్ళని అడిగాను. మీ దారి మీరు చెప్పలేదు కాబట్టి, ఇదే మీ దారి అనుకున్నాం అందరం."

నా దారి. నేను నిదానం వైపు చూశాను. అతను నేలకేసి చూస్తున్నాడు.

"ఇప్పుడెంత తెస్తున్నావు?"

"ఐదున్నర," అన్నాడు. అందులో గర్వం దాచుకుందామని చూశాడు, పూర్తిగా దాగలేదు. "కమిటీవాళ్ళు నా చిట్టా తీసుకెళ్ళారు మామయ్యా. రేపు మీ తర్వాత నన్నే పిలుస్తున్నారు. అప్పటి మామ, ఇప్పటి అల్లుడు అని ఆ అధికారిణి చాలా సంతోషపడింది. ఆరుకి మనిద్దర్నే ఆధారం చూపిస్తుందట. సాయంత్రం మీకు చెప్దామనే అనుకున్నాను."

బస్సులోంచి ఎవరో, "డ్రైవరుగారూ, కబుర్లు అయ్యాయా?" అని కేకేశారు.

అల్లుడు అటు చూసి గొంతు తగ్గించాడు. "మామయ్యా, రేపు మీరేం చెప్తారు?"

చెప్తే అతని ఉద్యోగం పోతుంది. పదిహేడో నిబంధనకు విచారణ లేదు. చెప్పకపోతే ఆరు వస్తుంది. ఆరు తేవడానికి అతను ఏ మలుపు నుంచి తాళం తిప్పాలో నాకు తెలియదు, అతనికీ ఇంకా తెలియదు.

నిదానం లేచి బస్సు దగ్గరికి వెళ్ళి, మెట్టు ఎక్కి ముల్లు చూసి దిగాడు.

"గీత దాటనీ. దాటాక కదులు అబ్బాయ్. ఎవరు అరిచినా సరే, నిదానం."

అల్లుడు తలూపాడు. రెండు నిమిషాలు స్టీరింగు ముందు ముల్లును చూస్తూ కూర్చున్నాడు. జనం విసుక్కున్నారు. తర్వాత బస్సు కదిలి డిపో వైపు వెళ్ళిపోయింది. దాని మూలుగు మైలురాయి దాటి చాలా దూరం దాకా వినిపించింది.

"మళ్ళీ ఎప్పుడు ఎక్కుతాడు కనుమ?" అన్నాను.

"ఐదింటికి. అవతలి వైపు దిగుతాడు," అన్నాడు నిదానం.

అతను నీడలో ఉన్న డబ్బా అందుకున్నాడు. మూత తీసి, గుంజకు వేలాడుతున్న కొలపుల్ల లోపల ముంచి, పైకి తీసి, తడి ఎంతవరకు ఉందో వేలితో చూశాడు.

"పదికి ఒక వేలు తక్కువుంది."

"దారిలో తొణికింది. మూత బిగియలేదు. రేపు తెచ్చి..."

"అక్కర్లేదు. మూత నాదేగా."

గాలి ఇంజను మీద గోనెసంచి తీసి మడిచి పక్కన పెట్టాడు. గరాటు పెట్టి, చుక్క కింద పడకుండా, చాలా సేపు పోశాడు. తాడు చుట్టి ఒకసారి లాగాడు, అందుకోలేదు. రెండోసారి అందుకుంది. రెండు రోజులుగా మూగబోయిన కొట్టులో చప్పుడు నిండింది. గాలి ముల్లు వణికి లేచింది. అతను అది ఎర్రగీత దాటేదాకా చూసి, గొట్టం చివర వేలితో నొక్కి పరీక్షించాడు.

తర్వాత ఖాళీ డబ్బాను గుడ్డతో తుడిచి, పిడికి చుట్టిన తీగ సరిచేసి, వెనక గదిలోకి తీసుకెళ్ళి మేకుకు తగిలించాడు. ఆ మేకు పాతది. చుట్టూ గోడ నిండా పనిముట్లు వేలాడుతున్నా, డబ్బా పట్టేంత మేర మాత్రం ఖాళీగా ఉంచాడు.

"తీరింది తమ్ముడూ," అన్నాడు ఇంజను చప్పుడు మీద కొంచెం గట్టిగా.